జనరేటర్ ప్యానెల్: చేతికన్న ముందు కన్ను

‘యంత్రాలతో మైత్రి’ శీర్షిక



వర్షాకాలం సమీపించగానే కర్మాగారంలోనూ, టౌన్‌షిప్‌లోనూ అందరికీ హఠాత్తుగా జ్ఞాపకం వచ్చే యంత్రం ఒకటున్నది. ఏడాదిలో అధికభాగం ఒక మూల దుమ్ము కప్పుకొని ఉండి, కరెంటు పోయిన మరుక్షణం “ఇంకా స్టార్టు కాలేదా?” అని అందరిచేతా మాటపడే డీజిల్ జనరేటరే అది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకినప్పుడు నగరంలో అనేక ప్రాంతాలు రోజుల తరబడి విద్యుత్తు లేక అల్లాడాయి. జనరేటరు విలువ ఏమిటో అలాంటి రోజులలోనే తెలిసివస్తుంది. దానిని నడపడం తెలిసిన మనిషి విలువ కూడా అప్పుడే తెలుస్తుంది.

గత సంచికలో పంపుల బేరింగులను గురించి ముచ్చటించుకొన్నాము. ఈసారి ఇంజను లోపలి భాగాల జోలికి పోకుండా, దాని కంట్రోల్ ప్యానెల్ ఎదుట కొంతసేపు నిలబడదాము.

ఒకే ప్యానెల్, రెండు కథలు

ప్యానెల్ మీది మీటర్లన్నీ ఒక్కసారిగా చూస్తే కొత్తవారికి కంగారు కలగడం సహజం. నిజానికి అవి రెండు జట్లు. ఒక జట్టు ఇంజను ఆరోగ్యాన్ని చెబుతుంది: లూబ్ ఆయిల్ ప్రెషర్, నీటి ఉష్ణోగ్రత, వేగం, బ్యాటరీ ఛార్జింగ్, నడిచిన గంటలు. రెండవ జట్టు ఆల్టర్నేటర్ తయారుచేసే విద్యుత్తును గురించి చెబుతుంది: వోల్టేజి, కరెంటు, ఫ్రీక్వెన్సీ. ఇప్పటి సెట్లలో ముళ్ళ మీటర్ల స్థానంలో చిన్న డిజిటల్ తెర వచ్చింది. తెర మారినా అది చెప్పే సంగతులు మాత్రం అవే.

వేగానికీ ఫ్రీక్వెన్సీకీ ఉన్న సంబంధం గుర్తుంచుకొంటే సగం ప్యానెల్ అర్థమైనట్లే. నాలుగు పోల్స్ గల ఆల్టర్నేటర్ నిమిషానికి 1500 చుట్లు తిరిగితే 50 హెర్ట్జ్ వస్తుంది. 1560 చుట్లు తిరిగితే 52 వస్తుంది. సాధారణ మెకానికల్ గవర్నర్ ఉన్న ఇంజనును లోడు లేనప్పుడు 52 దగ్గర ఉంచడం పరిపాటి. పూర్తి లోడు పడేసరికి వేగం కొంచెం తగ్గి 50 దగ్గర నిలుస్తుంది. కనుక ఖాళీగా నడిచేటప్పుడు 52 కనబడితే భయపడవలసినది లేదు. లోడు మీద 48కి జారిపోతుంటే మాత్రం ఆలోచించాలి. లోడు ఎక్కువై ఉండవచ్చు, లేదా ఇంజనుకు ఇంధనమో గాలియో సరిగా అందకపోయి ఉండవచ్చు.

స్టార్టు చేసే ముందు, తరువాత

ఆయిల్ మట్టం, రేడియేటర్ నీరు, డీజిల్, బ్యాటరీ టెర్మినళ్ళు - ఈ నాలుగూ చూడకుండా తాళం చెవి ముట్టకూడదు. జనరేటర్ బ్రేకర్ ‘ఆఫ్’లో ఉన్నదని నిర్ధారించుకోవాలి. సెల్ఫ్ స్టార్టర్‌ను ఒక దఫాకు పది సెకండ్లకు మించి తిప్పరాదు. ఇంజను అందుకోకపోతే కాస్త విరామమిచ్చి మళ్ళీ ప్రయత్నించాలి. అదేపనిగా తిప్పితే స్టార్టరు వేడెక్కుతుంది, బ్యాటరీ చచ్చిపోతుంది.

ఇంజను అందుకొన్న వెంటనే మొదట చూడవలసినది వోల్టేజి కాదు, ఆయిల్ ప్రెషర్. కొద్ది సెకండ్లలో ముల్లు పైకి లేవకపోతే మరో ఆలోచన లేకుండా ఆపివేయాలి. ఆయిల్ ప్రెషర్ తగ్గినా, నీరు మితిమీరి వేడెక్కినా, వేగం హద్దు దాటినా ఇంజను తనంతట తాను ఆగే ఏర్పాటు ఉంటుంది. “ఊరికే ట్రిప్ అవుతోంది” అని ఆ స్విచ్ తీగలు పీకి, ఇంజనును బలవంతంగా నడిపించినవారిని నేను చూశాను. అది జ్వరం చూపిస్తున్నదని థర్మామీటరును విరగ్గొట్టడం వంటిది. కొద్ది నిమిషాల సౌకర్యానికి క్రాంక్‌షాఫ్టును మూల్యంగా చెల్లించవలసి వస్తుంది.

మూడు నుంచి ఐదు నిమిషాలు ఖాళీగా నడిపి, 415 వోల్టులు మూడు ఫేజులలోనూ సమానంగా ఉన్నాయని సెలెక్టర్ స్విచ్ తిప్పి చూసుకొని, అప్పుడు లోడు ఇవ్వాలి. అయితే బ్రేకర్ మీద చేయి వేసే ముందు చూడవలసినది మరొకటున్నది. దానిని నేను పుస్తకంలో నేర్చుకోలేదు.

ఒక వర్షపు రాత్రి

సుమారు ముప్పై ఏళ్ళ క్రితం మాట. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పంప్‌హౌస్‌లో రాత్రి డ్యూటీలో ఉన్నాను. గాలివానకు లైను పోయింది. ట్యాంకులో నీరు అడుగంటుతున్నది. ఫోను మీద ఫోను. జనరేటరు స్టార్టు చేయించాను. ఆయిల్ ప్రెషర్ బాగున్నది, వోల్టేజి 415, ఫ్రీక్వెన్సీ 52. పట్టా పుచ్చుకొని వచ్చిన గర్వంతో బ్రేకర్ పిడి మీద చేయి వేశాను.

పక్కనున్న ఆపరేటరు నా మణికట్టు పట్టుకొన్నాడు. పదవీ విరమణకు దగ్గరపడిన మనిషి. అంతకుముందెన్నడూ నాతో గట్టిగా మాట్లాడి ఎరుగడు.

“ఆగండి సార్. మెయిన్స్ స్విచ్ తీశామా?”

తీయలేదు. ఆ రోజులలో అక్కడ మెయిన్స్‌కు ఒకటి, జనరేటరుకు ఒకటి విడివిడిగా స్విచ్‌లుండేవి. రెండూ ఒకేసారి పడకుండా ఆపే ఇంటర్‌లాక్ లేదు. నేను బ్రేకర్ వేసి ఉంటే మా 415 వోల్టులు మెయిన్స్ స్విచ్ గుండా వెనక్కు పోయి ట్రాన్స్‌ఫార్మర్‌ను చేరేవి. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇటూ అటూ అనే భేదం లేదు. 11,000ను 415గా దించే యంత్రమే 415ను 11,000గా ఎక్కిస్తుంది. “కరెంటు లేదు” అని అందరూ అనుకొంటున్న లైను ప్రాణాంతకమయ్యేది.

అర్ధరాత్రి దాటాక తడిసి ముద్దయిన లైన్‌మన్ ఒకాయన పంప్‌హౌస్‌కు వచ్చి కూర్చున్నాడు. తెగిన జంపరు కట్టడానికి ఇంతసేపూ స్తంభం మీదే ఉన్నానన్నాడు. ఆపరేటరు అతనికి టీ పోసి ఇచ్చాడు. గ్లాసు చుట్టూ చేర్చి వెచ్చబెట్టుకొంటున్న ఆ చేతులనే చూస్తూ నేను మాట్లాడలేకపోయాను. ఆపరేటరు ఆ సంగతి అతనికి చెప్పలేదు. నాతోనూ మళ్ళీ ఎత్తలేదు. మరునాడు ఇంటర్‌లాక్ గల చేంజోవర్ స్విచ్ కావాలని నేను రాసిన కాగితమే నా ఉద్యోగజీవితంలో మొదటి ప్రతిపాదన.

లోడు, విరామం

125 కె.వి.ఎ. సెట్టు 0.8 పవర్ ఫ్యాక్టర్ మీద ఇవ్వగలిగినది 100 కిలోవాట్లు. 415 వోల్టుల దగ్గర పూర్తి లోడు కరెంటు ఫేజుకు సుమారు 174 ఆంపియర్లు. అమ్మీటరు సెలెక్టర్ తిప్పి మూడు ఫేజులూ చూడాలి. ఒకటి 170లోనూ మిగిలినవి 60లోనూ ఉంటే “లోడు తక్కువే” అని సంతోషించరాదు. పెద్ద మోటార్లను అన్నిటినీ ఒకేసారి కాక ఒకదాని తరువాత ఒకటిగా వేయాలి. అట్లాగని మరీ తక్కువ లోడు మీద గంటల తరబడి నడపడమూ మంచిది కాదు. ఇంధనం పూర్తిగా మండక, పొగగొట్టంలో నల్లని జిడ్డు పేరుకొంటుంది.

ఆపేటప్పుడు ముందు లోడు తీసి, మళ్ళీ మూడు నుంచి ఐదు నిమిషాలు ఖాళీగా నడపాలి. టర్బోఛార్జరు ఉన్న ఇంజనుకు ఇది మరీ ముఖ్యం. ఎర్రని మష్రూమ్ బటన్ ప్రమాద సమయానికే గాని ప్రతిరోజూ ఇంజను ఆపడానికి కాదు.

కుటుంబ సభ్యులకు ఒక మాట

అపార్ట్‌మెంట్లలో ఉండే జనరేటర్లు చాలావరకు ‘ఆటో’లో ఉంటాయి. కరెంటు పోగానే అవి ఎవరి అనుమతీ అడగకుండా తిరుగుతాయి. నిశ్శబ్దంగా ఉన్నది కదా అని పిల్లలను దాని దగ్గరకు పోనివ్వకండి. మరమ్మతుకు వచ్చిన మనిషి ‘ఆఫ్’లో పెట్టి, బ్యాటరీ నెగెటివ్ తీగ తీసిన తరువాతనే పని మొదలుపెట్టాడో లేదో చూడండి. చిన్న పోర్టబుల్ జనరేటరును గదిలో గాని, మూసిన వరండాలో గాని ఎన్నడూ నడపవద్దు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దానిని ఇంటి ప్లగ్ పాయింటుకు తగిలించి ఇల్లంతా వెలిగించే ప్రయత్నమూ వద్దు. ఎందుకు వద్దో పైన చెప్పిన రాత్రి కథే చెబుతుంది.

ఆ ఆపరేటరు ఇప్పుడు లేరు. బ్రేకర్ ముందు నిలబడ్డ ప్రతిసారీ నా మణికట్టు మీద ఆయన పట్టు నాకు తెలుస్తూనే ఉంటుంది. మన షిఫ్టులలోని కొత్త పిల్లలకు మీటర్ల అంకెలు ఎవరైనా నేర్పగలరు. సమయానికి చేయి పట్టుకొని ఆపవలసినది మాత్రం పక్కనున్న మనమే.

వచ్చే సంచికలో బ్యాటరీల సంరక్షణ గురించి ముచ్చటించుకొందాము. అంతవరకు సెలవు.