నాయన పోయినాక పాట ఎవరు పాడాల?



ముందు ఒక చిన్న పని చెయ్యండి. ఫోను తెరిచి చూడండి. మీ నాయన పాడిన పాటలు, మీ అవ్వ పాడిన పాటలు అందులో ఎన్ని ఉన్నాయి? ఉంటే ఎన్ని నిమిషాలు ఉన్నాయి?

మనలో చాలామంది దగ్గర దొరికేది ఏ పెళ్ళిలోనో ఎవరో తీసిన అరనిమిషం వీడియో. అందులో పాట సగం, ఈలలు సగం. నాయన ఉన్నన్నాళ్ళూ అదే చాలనిపిస్తుంది. "యాడికి పోతాడు, ఇంట్లోనే ఉండాడు కదా" అనుకుంటాం. దినాలు అయిపోయి, చుట్టాలంతా వెళ్ళిపోయిన రాత్రి ఆ అరనిమిషాన్నే మళ్ళీ మళ్ళీ పెట్టుకుని వింటాం. రెండో చరణం ఏమిటో ఇంట్లో ఒక్కరికీ గుర్తు రాదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు తాండాల్లో, ఎరుకల, యానాది కాలనీల్లో ఉన్న పిల్లల కోసం ముఖ్యంగా ఇది రాస్తున్నాం. పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పనికి పోయేవాళ్ళు రైల్లోనే చదువుకోండి. కాకపోతే కథ మీ ఊరి నుంచి మొదలు కాదు. ఉత్తరాంధ్ర నుంచి మొదలవుతుంది.

వంగపండు ప్రసాదరావు పేరు వినే ఉంటారు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లి ఆయన ఊరు. పుట్టింది 1943లో. ఆయన ఆదివాసీ కాదు. కానీ ఆయన పాట ఎదిగిన నేల ఆదివాసీ పోరాటాల నేల. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర గిరిజన సంఘం సభకు పోతున్నవాళ్ళ మీద భూస్వాముల మనుషులు కాల్పులు జరిపితే కోరన్న, మంగన్న చనిపోయారు. శ్రీకాకుళం కొండల్లో నిప్పు రాజుకున్నది అక్కడే. జముకుల కథ చెప్పి ఊళ్ళను కదిలించిన సుబ్బారావు పాణిగ్రాహిని 1969 డిసెంబరులో చంపేశారు. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 వచ్చింది ఆ పోరాటం నడుస్తున్న కాలంలోనే. చట్టం కాగితాల మీదికి రాకముందే ఆ మాట జనం నోట్లో పాటై తిరిగింది. ఆ గాలి పీల్చి పెరిగిన వంగపండు 1972లో గద్దర్‌తో కలిసి జననాట్యమండలి కట్టినవాళ్ళలో ఒకరయ్యారు. పుస్తకాల తెలుగును పక్కన పెట్టి, సొంత ఊరి యాసలో వందల పాటలు కట్టారు. 2020 ఆగస్టు 4న పార్వతీపురంలో కన్నుమూశారు.

ఆయన పోయాక పాట ఆగిందా? ఆగలేదు. కూతురు ఉష పాడుతోంది. తండ్రి పోయాక గుర్తొచ్చి మొదలుపెట్టిన గొంతు కాదు అది. ఆయన బతికుండగానే ఆమె జానపద గాయనిగా జనానికి తెలుసు. నేర్చుకోవడం ముందు జరిగింది, పోగొట్టుకోవడం తర్వాత జరిగింది. ఈ వరస తిరగబడిన ఇళ్ళల్లోనే పాట చచ్చిపోతుంది.

మూడేళ్ళు తిరిగేసరికి, 2023 ఆగస్టు 6న, గద్దర్ కూడా వెళ్ళిపోయారు. ఆయన పేరును, పనిని ఇప్పుడు మోస్తున్నవాళ్ళలో ముందు కనిపించేది కూతురు వెన్నెల.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఇద్దరూ కూతుళ్ళే. మన దగ్గర డోలు కొడుక్కే అంటారు. ఆడపిల్ల పెళ్ళి చేసుకుని ఇంకో ఇంటికి పోతుంది, దానికెందుకు అంటారు. తర్వాత కొడుకు బెంగళూరు పోతాడు, డోలు అటక మీదికి పోతుంది. ఇంట్లోనే ఉన్న కూతురు పనులు చేసుకుంటూ విన్న ప్రతి పాటా కంఠతా పట్టి ఉంటుంది. ఆమెను మాత్రం ఒక్కరూ అడగరు. "వారసుడు లేడు, పాట పోయింది" అని బాధపడే పెద్దలను మేమొకటి అడుగుతున్నాం. వారసురాలిని ఎప్పుడైనా పిలిచారా?

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఉష ఆంధ్రప్రదేశ్ సృజనాత్మకత, సంస్కృతి సమితి అధ్యక్షురాలిగా పనిచేశారు. వెన్నెల 2024లో తెలంగాణ సాంస్కృతిక సారథి చైర్‌పర్సన్ అయ్యారు. కళాకారుల పిల్లలకు గౌరవం దక్కితే సంతోషమే. అయితే ఆ తండ్రుల పాటలు సర్కారును నిలదీసిన పాటలు. పదవి సర్కారు ఇచ్చేది. ప్రభుత్వం మారితే కుర్చీ మారుతుంది. అందుకని పాట బాధ్యతను ఒక కుర్చీ మీద పెట్టి మనం చేతులు దులుపుకోకూడదు. ఆ బిడ్డలను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఆ పాటలు విని పెరిగిన మనందరం ఏం చేస్తున్నామని అడగడానికి అంటున్నాం.

వంగపండు పాటలకు పుస్తకాలున్నాయి, రికార్డులున్నాయి, సినిమాలున్నాయి. మన సొంత పెద్దల సంగతి ఏమిటి?

2024లో నాలుగు నెలల తేడాతో ఇద్దరిని పోగొట్టుకున్నాం. జూన్‌లో సకిని రామచంద్రయ్య తాత. మణుగూరు దగ్గర కూనవరం. డోలి కోయల కళాకారుడు. కంచుమేళం, కంచుతాళం మీద సమ్మక్క సారలమ్మ కథ, కోయ వంశాల కథలు పాడిన మనిషి. 2022లో పద్మశ్రీ వచ్చింది. అక్టోబరులో కనకరాజు తాత. మార్లవాయి రాజ్‌గోండు, గుస్సాడీ గురువు. ఆయనకు 2021లో పద్మశ్రీ. దండారి పండుగ దగ్గరపడుతున్న రోజుల్లోనే పోయారు.

ఈ పాటలకు కవి పేరు ఉండదు. అచ్చు పుస్తకంలో దొరకవు. కోయలకు డోలి కళాకారులు, గోండులకు ప్రధాన్లు, తోటీలు, లంబాడాలకు భాట్లు ఉన్నారు. ఎవరి వంశం ఎక్కడి నుంచి వచ్చింది, ఏ వాగు దాటింది, ఏ దేవుడిని మోసుకొచ్చింది అన్నది వీళ్ళ గొంతుల్లోనే ఉంది. వీళ్ళ ఇంట్లో ఒక కొడుకు పాట మానేస్తే పోయేది ఒక్క ఇంటి పాట కాదు. వందల ఇళ్ళ చరిత్ర పోతుంది.

ఇక మన దిక్కుకు వద్దాం.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ మదనపల్లె వచ్చారు. బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో ఉండి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చారు. అక్కడే మార్గరెట్ కజిన్స్ ఆ పాట వరసను స్వరాలుగా రాసి పెట్టారు. నూరేళ్ళు దాటినా మదనపల్లె ఆ సంగతి గర్వంగా చెప్పుకుంటుంది. చెప్పుకోవాల్సిందే. మరి అదే ఊరి చుట్టుపక్కల తాండాల్లో తీజ్ పండుగకు ఆడపిల్లలు పాడే పాటల వరస ఎవరు రాసి పెట్టారు?

పుంగనూరు ఆవు సంగతి తెలుసు కదా. మూడడుగుల ఎత్తు ఉండే పొట్టి ఆవు. జాతి అంతరించిపోతోందని తెలిశాక పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో పెంచి కాపాడుకుంటున్నారు. ఆవును కాపాడినందుకు సంతోషం. మనిషి గొంతుకు కూడా అంత విలువ ఇవ్వమని అడుగుతున్నాం. కుప్పంలో 1997లో పెట్టిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. జానపద, గిరిజన విజ్ఞానం అక్కడ చదువుకోవచ్చు. ఆ గేటు లోపలికి మనం పోవాలి. పోయేటప్పుడు మన పాట కూడా వెంట తీసుకుపోవాలి.

"పాట పాడితే కడుపు నిండుతుందా అన్నా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు వినండి.

మన చిత్తూరు వైపు ఐదో షెడ్యూలు ప్రాంతం లేదు. 1/70 మనకు వర్తించదు. కానీ 2006 అటవీ హక్కుల చట్టం వర్తిస్తుంది. ఆ చట్టం నియమాల్లో 13వది ఒకసారి చదవండి. హక్కు నిరూపించుకోవడానికి సర్కారు కాగితాలు ఒక్కటే దారి కాదు. పెద్దమనుషులు చెప్పిన మాట రాతలో పెడితే అదీ సాక్ష్యమే. పాత బావులు, సమాధులు, దేవుడి స్థలాలు కూడా సాక్ష్యమే. ఇప్పుడు చెప్పండి, ఆ బావి పేరు, ఆ సమాధుల గుట్ట పేరు, ఆ దేవర నిలిచిన చెట్టు పేరు మీకెవరు చెప్పాలి? మీ నాయన పాటలో అవన్నీ వరసగా ఉండొచ్చు. పాటను తీసుకుపోయి ఆఫీసులో ఇస్తే పట్టా రాదు. కానీ పాట గుర్తున్న పెద్దమనిషి గ్రామసభలో నిలబడి తడబడకుండా చెప్పగలడు. పాట మరిచిపోయిన ఊరు "ఎప్పటినుంచో ఉన్నాం సార్" అని ఊరుకుంటుంది.

అదే చట్టం సెక్షన్ 3(1)(కె) ఇంకో మాట చెబుతుంది. జీవవైవిధ్యానికి, సాంస్కృతిక వైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక హక్కు ఉందని. సామూహిక హక్కు అంటే ఊరందరిదీ.

కాపీరైటు సంగతీ తెలుసుకోండి. వంగపండు లాంటి కవి రాసిన పాట మీద ఆయన పోయాక 60 ఏళ్ళు వారసులకు హక్కు ఉంటుంది. మన తాతలు పాడే పాటకు కవి ఎవరో తెలియదు కాబట్టి ఎవరైనా ఎత్తుకుపోవచ్చు అనుకుంటారు. కానీ పాడిన మనిషికి ప్రదర్శకుడి హక్కు అని ఒకటి ఉంది, 50 ఏళ్ళు. మీ నాయన పాడుతుంటే ఎవరో వచ్చి రికార్డు చేసుకున్నారంటే, ఎందుకోసం, ఎక్కడ పెడతారు, పేరు వేస్తారా, డబ్బు వస్తే వాటా ఎంత అని అడిగే హక్కు ఆయనకు ఉంది. ఆయన అడగలేకపోతే పక్కన నిలబడి మీరు అడగండి.

మరి ఏం చేద్దాం? పెద్ద పనులేం కావు.

ఈ పండక్కి ఇంటికి పోయినప్పుడు నాయన పక్కన కూర్చోండి. పాట మొత్తం పాడించండి, మధ్యలో ఆపొద్దు. పాట అయ్యాక అడగండి: ఎవరి దగ్గర నేర్చుకున్నావు, ఏ పనికి పాడతారు, ఎప్పుడు పాడకూడదు? అర్థం కాని మాట దగ్గర సిగ్గుపడకండి. గోర్ మాటైనా, కుర్రు మాటైనా ఎలా పలికితే అలాగే తెలుగు అక్షరాల్లో రాసుకోండి. దేవుడి పాటలు, చావు పాటలు ఇంట్లో, కులపెద్దల దగ్గర అడగకుండా ఎక్కడా పెట్టొద్దు. లైకుల కోసం దేవరను బజారుకు ఈడ్చొద్దు. ఒక కాపీ ఊళ్ళో ఉంచండి. డోలు కట్టడం, తోలు బిగించడం తెలిసిన మనిషి ఎవరో వెతకండి. పాట మిగిలినా ఆ మనిషి పోతే అది మూగదవుతుంది.

అన్నిటికంటే ముందు మీరు నేర్చుకోండి. ఫోనులో దాచిన పాట దాచిన విత్తనం లాంటిది. చల్లకపోతే పుచ్చిపోతుంది. గొంతు బాగోలేదని సాకు చెప్పొద్దు. మీ నాయన గొంతు కూడా మొదటిరోజు బాగుండి ఉండదు.

ఇప్పటికే నాయనను పోగొట్టుకున్నవాళ్ళు కుంగిపోకండి. మీ నాయనతో కలిసి వంత పాడినవాళ్ళు ఊళ్ళో ఇంకా ఒకరిద్దరైనా ఉంటారు. చిన్నాయన కావచ్చు, పెద్దమ్మ కావచ్చు, పక్క తాండా మామ కావచ్చు. ఆ అరనిమిషం వీడియో వాళ్ళకు వినిపించండి. రెండో చరణం వాళ్ళే అందుకుంటారు. నాయన పాట మీ ఇంట్లో పోయినా ఊళ్ళో ఇంకా ఉండొచ్చు. పోయి తెచ్చుకోండి.

ఈ ఆదివారమే పోండి. వచ్చే ఆదివారానికి ఆ పెద్దాయన ఉంటాడో లేదో.

జోహార్ వంగపండు! జోహార్ రామచంద్రయ్య తాత! జోహార్ కనకరాజు తాత!
జై ఆదివాసీ!