‘నాది పిత్త ప్రకృతి’ అంటే సరిపోతుందా?

ఇటీవలి కాలంలో ఉద్యోగస్థులలో ఒక కొత్త వేడుక ప్రబలింది. శిక్షణ పేరిట రెండు రోజులు హోటలులో కూర్చోబెట్టి, ఒక ప్రశ్నావళి పూర్తి చేయించి, చివర నాలుగు ఆంగ్లాక్షరాల బిరుదు చేతికిస్తారు. ‘మీరు అంతర్ముఖులు’, ‘మీరు పుట్టుకతోనే నాయకులు’ అని అందులో ఉంటుంది. ఈ ధోరణి మన ఆయుర్వేదానికీ దూరంగా లేదు. 2024 నవంబరులో కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ దేశవ్యాప్తంగా ప్రకృతి పరీక్షణ కార్యక్రమాన్ని ప్రారంభించగా, కోటి మందికి పైగా తమ వాత, పిత్త, కఫ ప్రకృతులను ఫోనులోని యాప్ సాయంతో తెలుసుకున్నారు. తన్ను తాను ఎరుగవలెనన్న కోరికను నేను ఆక్షేపించను. అయితే అలా ఎరిగినదానితో, ముఖ్యంగా పదిమందిపై అధికారం చలాయించేవారు, ఏమి చేస్తున్నారన్నది నన్ను చాలాకాలంగా కలవరపెడుతున్న విషయం.

నాలుగక్షరాల పరీక్షలలో మిక్కిలి ప్రసిద్ధమైనది మయర్స్-బ్రిగ్స్ పరీక్ష. స్విట్జర్లాండు మనోవైద్యుడు కార్ల్ యూంగ్ 1921లో వెలువరించిన గ్రంథాన్ని ఆధారం చేసుకొని అమెరికాకు చెందిన కాథరిన్ బ్రిగ్స్, ఆమె కుమార్తె ఇజబెల్ మయర్స్ దీనిని రూపొందించారు. మనుషులను 16 రకాలుగా విభజించారు. చిత్రమేమంటే, చరక సంహిత శారీరస్థానంలోనూ మనస్తత్వాలు సరిగ్గా పదహారే: సాత్త్వికాలు 7, రాజసాలు 6, తామసాలు 3. దీన్ని చూసి మనవారే ముందు కనిపెట్టారని సంబరపడనక్కరలేదు. పదహారు అనే అంకెలో మహిమ ఏమీ లేదు. గమనించదగినది చరకుడు ఆ సందర్భంలోనే చెప్పిన మరొక సంగతి. హెచ్చుతగ్గుల వలన, కలయికల వలన ఈ భేదాలు లెక్కకు అందవని ఆయన స్పష్టం చేశాడు. అంటే, పదహారు గళ్ళు గీసిన చేతితోనే ఆ గళ్ళు చాలవని కూడా వ్రాశాడు. కంపెనీ పరీక్షల కాగితాలలో ఈ రెండవ వాక్యం నాకు ఎక్కడా కనబడలేదు. ఆ పరీక్షను కొద్ది వారాల తరువాత మళ్ళీ వ్రాసినవారిలో చాలామందికి వేరే రకం వస్తున్నదని పరిశోధకులు ఎన్నోమార్లు చూపారు.

మరి ఫలితం చదివినప్పుడు ‘అచ్చం నేనే’ అని ఎందుకు అనిపిస్తుంది? 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త తన 39 మంది విద్యార్థులకు ఒక వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, అందరికీ ఒకే వర్ణన పంచాడు. అందులోని వాక్యాలను చాలావరకు జ్యోతిషం పుస్తకం నుండి ఏరాడు. అది తమకెంత సరిపోయిందో 5కు మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు! మనలను మెచ్చుకొనే మాటను మనం త్వరగా నమ్ముతాము.

నా వద్దకు వచ్చిన ఒక సెక్షను అధికారి సంగతి ఇక్కడ చెప్పాలి. నలభై దాటిన మనిషి. పులిత్రేన్పులు, గుండెలో మంట, రాత్రి రెండింటికి మెలకువ. దంపతులిద్దరూ వచ్చారు. నేను నాడి చూసే లోపలే ఆయన, ‘నాది పిత్త ప్రకృతి డాక్టరుగారూ, కోపం నా సహజ లక్షణం. మా ఆఫీసు పరీక్షలో కూడా నేను ఆజ్ఞాపించే రకమనే తేలింది. కిందివాళ్ళే సర్దుకోవాలి’ అన్నారు. ప్రక్కనే కూర్చున్న ఇల్లాలు నెమ్మదిగా, ‘మరి పై ఆఫీసరు ఎదుట ఈ పిత్తం ఎటు పోతుందో మీరే అడగండి డాక్టరుగారూ!’ అన్నది.

నేను అడగవలసిన ప్రశ్న ఆమె అడిగింది. పై అధికారి ముందు శమించి, గుమాస్తా ముందు ప్రకోపించే పిత్తాన్ని ఏ సంహితా వర్ణించలేదు.

రోగిని దర్శన, స్పర్శన, ప్రశ్నలనే మూడింటితో పరీక్షించాలని వాగ్భటుడు చెప్పాడు. కాగితం మీది పరీక్షలన్నీ, మన ప్రకృతి ప్రశ్నావళులతో సహా, చివరిదైన ప్రశ్నతోనే ఆగిపోతున్నాయి. జవాబు చెప్పేది కూడా ఆ మనిషే. ‘మీకు కోపం త్వరగా వస్తుందా?’ అన్న ప్రశ్నకు ఆయన ఒకటి వ్రాస్తే, ఆయన కింద పనిచేసే టైపిస్టు మరొకటి వ్రాస్తుంది. ఉద్యోగంలో ఒకరి పనితీరును, తన గురించి తాను ఇచ్చుకున్న జవాబులకన్న, తోటివారు ఆయన గురించి ఇచ్చిన జవాబులే మెరుగుగా సూచిస్తాయని ఆధునిక పరిశోధనలు కూడా చెబుతున్నాయి. దర్శనం అంటే అదే కదా!

ఇంకొక చిక్కు ఉన్నది. ప్రకృతి వేరు, వికృతి వేరు. చరకుడు విమానస్థానంలో చెప్పిన పది పరీక్షలలో ఇవి రెండూ విడివిడిగా ఉన్నాయి. ఆరు నెలలుగా నిద్ర చాలక, వేళకు తిండి లేక, ఆడిట్ల మధ్య నలుగుతున్నవాడు ప్రశ్నావళి పూర్తిచేస్తే, అందులో తేలేది అతని స్వభావం కాదు, ఆ ఆరు నెలల అలసట. అనుభవజ్ఞులైన వైద్యులు ఇద్దరు ఒకే మనిషి ప్రకృతిని రెండు విధాలుగా చెప్పడం కూడా కద్దు. ఫోను అయిదు నిమిషాలలో తేల్చినదాన్ని జన్మ లక్షణంగా భావించడం ఎంతవరకు సబబో పాఠకులే ఆలోచించాలి.

పోనీ, అది నిజంగా పిత్త ప్రకృతే అనుకొందాం. దానివలన ఏమి అనుమతి లభిస్తుంది? సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో చరకుడు మూత్రం, తుమ్ము, ఆకలి, దప్పిక, నిద్ర వంటి 13 శరీర వేగాలను అణచరాదన్నాడు. వెంటనే, అణచవలసిన వేగాలూ ఉన్నాయన్నాడు: లోభం, భయం, క్రోధం, అహంకారం, ఈర్ష్య మొదలైనవి. మాటలలో పరుషమైనది, మితిమీరినది, చాడీ, అబద్ధం, వేళకాని మాట. పిత్త ప్రకృతి వారికి ఇందులో మినహాయింపు ఇవ్వలేదు. మన కార్యాలయాలలో దీనికి సరిగ్గా తలక్రిందులుగా నడుస్తున్నది. మీటింగులో లేవలేక మూత్రాన్ని బిగపడతారు, ఆకలిని కాఫీతో చంపుతారు. కోపాన్ని మాత్రం ధారాళంగా విడిచిపెడతారు!

ఆ అధికారికి నేను వేళకు భోజనం, పరగడుపున కాఫీ మానడం, ఆవకాయ తగ్గించడం, రాత్రి నానవేసిన ధనియాల నీటిని ఉదయం వడగట్టి త్రాగడం చెప్పాను. (మంట వారాల తరబడి తగ్గనివారు వంటింటి వైద్యంతో కాలక్షేపం చేయక వైద్యునికి చూపించుకోవాలి.) వీటితోపాటు ఒక చిన్న నోటుపుస్తకం పెట్టమన్నాను. గొంతు పెంచిన ప్రతిసారీ వేళ, క్రిందటి రాత్రి నిద్ర, కడుపులో ఏమున్నది, ఎదుట ఉన్నది తనకన్న పైవారా, క్రిందివారా అని నాలుగు గళ్ళు. పదిహేను రోజులలో ఆయనకే తెలిసింది: అరుపులలో అధికభాగం మధ్యాహ్నం ఒంటిగంటకూ రెండున్నరకూ నడుమ, భోజనం ఆలస్యమైన రోజులలోనే. నాలుగవ గడిలో ‘క్రిందివారు’ తప్ప మరొక మాట లేదు. ఆ తరువాత ఆయన రోజువారీ సమీక్షను ఉదయం పదిన్నరకు మార్చారు. సెక్షనులో అందరూ ఒంటిగంటకే భోజనానికి లేస్తున్నారని ఇల్లాలు చెప్పింది.

వ్యక్తిత్వ పరీక్షకు నేను ఇచ్చే స్థానం ఇంతే. నోటుపుస్తకం తెరవడానికి అది పనికివస్తుంది. వాత లక్షణాలున్న అధికారి తాను ఉదయం ఇచ్చిన ఆజ్ఞను సాయంత్రం మరచిపోతున్నాడేమో చూసుకోవచ్చు. కఫ లక్షణాలున్నవాడు తన నిదానం వలన ఎవరి ఫైలు ఆగిపోయిందో లెక్క చూసుకోవచ్చు. ఇవి తన మీద తాను చేసుకొనే పరీక్షలు. ఇతరుల మీద ప్రయోగించడం మొదలుపెడితే వ్యవహారం మారుతుంది. ‘ఆమెది వాత ప్రకృతి, బాధ్యత అప్పగించలేము’ అనడానికి ఏ ప్రశ్నావళీ అధికారమివ్వదు. మయర్స్-బ్రిగ్స్ పరీక్షను ప్రచురించే సంస్థ కూడా దానిని ఉద్యోగుల ఎంపికకు వాడరాదనే చెబుతున్నది. ఏ కంపెనీ అయినా పరీక్ష పెట్టదలిస్తే ముందు మేనేజరుతో వ్రాయించి, అదే ప్రశ్నావళిని ఆయన గురించి క్రిందివారిచేత, పేరు వ్రాయకుండా, పూర్తి చేయించాలి. ఆ కాగితాలను ఆయన మాత్రమే చదువుకోవాలి. పంచి, సేకరించే పని మటుకు మరొకరికి అప్పగించాలి. చేతివ్రాతను బట్టి మనిషిని పోల్చగల అధికారులు మన ఆఫీసులలో తక్కువేమీ లేరు.