కారుచవక టమాటాకు ఖరీదైన నూనె ఎందుకు?

తల్లాడ నుంచి కొత్తగూడెం వెళ్ళే దారిలో, అడవికి దగ్గరగా ఉన్న ఏన్కూరు నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. మిరపచేను పక్కన కాస్త నేలలో టమాటా వేశారట. మాఘమాసం వచ్చేసరికి ధర పడిపోయింది. కోత కూలీ, ఖమ్మం దాకా బండి కిరాయి కూడా గిట్టవని నాలుగు గంపలు ఇంటికి తెచ్చి పోశారు. "గొడ్లకు వేద్దామంటున్నారు మా అత్తగారు. నాకేమో మనసొప్పడం లేదు. అలాగని రోజూ టమాటా పప్పే వండితే తినేదెవరు?" అని అడిగారు.

అమ్మా, పంట మొత్తాన్ని వంటింట్లో ఎవరూ కాపాడలేరు. ధర సంగతి తేలవలసింది వేరే చోట. కాని ఆ నాలుగు గంపల్లో చాలా భాగం మనం దక్కించుకోవచ్చు, అదీ చేతి డబ్బు పెట్టకుండా. ధర లేని కాయ కోసం ధర మండే నూనె గరిటెలకొద్దీ పోస్తే అది పొదుపు కాదు. ఆ రోజుల్లో మీకు ఎండ ఉచితం, ఉప్పు చవక, కొత్త చింతపండు కూడా అప్పుడే దిగుతుంది. వీటితోనే పని జరుపుకోండి.

ముందు కాయలను వేరుచేయండి. బూజు పట్టినవి మొత్తంగా పారేయండి. ఆ ముక్క ఒక్కటి కోసేస్తే చాలదు. పగిలినవి ఆ పూటకే వాడండి. గట్టి పండ్లు నిల్వకు ఉంచండి. పచ్చికాయలను మామిడికాయకు బదులు పప్పులో వేయండి.

పగిలిన పండ్లతో పచ్చిపులుసు చేయండి. నాలుగు పండ్లను నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, ఉప్పు, కాల్చిన ఎండుమిరప, ఉల్లిముక్కలు వేసి పిసికి, రెండు గ్లాసుల నీళ్ళు పోయండి. పోపు లేకపోయినా లోటుండదు.

గట్టి పండ్లను వరుగులు చేయండి. తుడిచి, చక్రాలుగా తరిగి, కిలోకు 20 గ్రాముల ఉప్పు చల్లి, శుభ్రమైన గుడ్డ మీద పరచండి. పైన పలచని వస్త్రం కప్పండి. సాయంత్రం మంచు పడకముందే లోపలికి తీసుకోండి. మూడు నాలుగు రోజుల గట్టి ఎండకు విరిస్తే ఫట్‌మని విరగాలి. సాగితే ఇంకా తడి ఉన్నట్టే, బూజు పడుతుంది. టమాటాలో నూటికి 94 పాళ్ళు నీరే కనుక గంపెడు కాయలు చిన్న డబ్బాలో ఇమిడిపోతాయి. పప్పులోనో చారులోనో వేసేటప్పుడు ఉప్పు తగ్గించడం మరవకండి.

నిల్వ పచ్చడికి కిలో పండ్ల ముక్కలలో 100 గ్రాముల ఉప్పు, అర చెంచా పసుపు కలిపి జాడీలో రెండు రోజులు ఉంచండి. ఇత్తడి, రాగి గిన్నెలు వద్దు, పులుపుకు చిలుమెక్కుతాయి. మూడోనాడు ముక్కలను పిండి ఎండబెట్టండి. ఊటలో 100 గ్రాముల చింతపండు వేసి దాన్నీ ఎండలో పెట్టండి. ముక్కలు వడిలాక అన్నీ కలిపి, 100 గ్రాముల కారం, చెంచాడు వేయించిన మెంతిపిండి వేసి రుబ్బండి. మీ వైపు పండే తేజ మిరప కారమైతే 60 గ్రాములు చాలు; అది చిన్నదే కాని మహా ఘాటు! పోపు ఏ రోజుకారోజు, తినేదానికి మాత్రమే పెట్టుకుంటే చెంచా నూనెతో సరిపోతుంది.

2023 జూలైలో చాలా నగరాల్లో టమాటా కిలో 100 రూపాయలు దాటిన సంగతి గృహిణులెవరూ మరచి ఉండరు. మాఘంలో గొడ్లకు వేసే కాయే వానాకాలంలో అలా అందకుండా పోతుంది. శ్రావణంలో మీ వరుగుల డబ్బా మూత తీసినప్పుడు కోతకు వచ్చిన అమ్మలకూ గుప్పెడు పెట్టండి. ఆ పప్పు తిని మీ అత్తగారు ఏమన్నారో నాకు తప్పక వ్రాయండి.