సర్వర్ తాళాలు ఎవరి దగ్గర ఉండాలి?



ఈసారి పోస్టు పొడుగే. తీరికగా చదవండి, కానీ వచ్చే సర్వసభ్య సమావేశం లోపల చదవండి. ఆ రోజు అజెండాలో "కొత్త సర్వర్‌కు ఆమోదం" అని ఒకే ఒక్క లైను ఉంది. ఆ లైను వెనక మన వివాహ సంబంధాల రిజిస్టరు ఉంది, పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తులున్నాయి, మరణ సహాయ నిధి లెక్కలున్నాయి. భోజనాల టైమయిందని చేతులెత్తి పాస్ చేసేసే సంగతి కాదు.

సర్వర్ వద్దని నేను అనడం లేదు. ముందే చెప్తున్నా, తర్వాత గ్రూపులో నా మీద పడకండి. ఇన్నాళ్ళూ మన కాగితాలు ఎలా ఉన్నాయో అందరికీ తెలుసు. సగం ఒకరి ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ షీట్లుగా, కొన్ని ఇంకొకరి జీమెయిల్‌లో, మిగిలినవి వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ ఫోటోల మధ్యన. దానికంటే సొంత సర్వర్ నయం. హాలులో దాతలిచ్చిన పాత కంప్యూటర్నే సర్వర్ చేద్దామన్న ఆలోచన మానేసి, ముంబైలో డేటా సెంటర్ ఉన్న కంపెనీ దగ్గర చిన్న మెషిన్ అద్దెకు తీసుకోవడమూ మంచి పనే. మే నెలలో మన నాందేడ్ ఎండకి, కరెంటు పోకలకి ఆ పాత డబ్బా ఎన్నాళ్ళు నిలిచేది?

లినక్స్ పెట్టడమూ సబబే. లైసెన్సు డబ్బు లేదు. చెన్నై సీడాక్ వాళ్ళ బాస్ లినక్స్ కూడా డెబియన్ మీద కట్టిందే. మన కుర్రాళ్ళు పెట్టిందీ డెబియనే. లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పని హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ వాళ్ళు ఏళ్ళుగా చేస్తున్నారు. అంటే మనం ఊరూపేరూ లేని సరుకేదో కొనలేదు.

నా పేచీ అంతా కమిటీలో ఒకరన్న మాటతో. "లినక్స్ కదండీ, వైరస్ రాదు. అయినా మనలాంటి చిన్న సంఘాన్ని ఎవడు హ్యాక్ చేస్తాడు?"

సర్వర్ ఆన్ చేసిన మర్నాడు పొద్దున ఆ కుర్రాణ్ణి కూర్చోబెట్టుకుని లాగ్ చూశాను. లాగ్ అంటే స్టేషన్లో ట్రెయిన్ రిజిస్టరు లాంటిది, ఎవరు ఎప్పుడు వచ్చారో గంటా నిమిషంతో రాసి ఉంటుంది. అప్పటికి మన సర్వర్ అడ్రసు మనలో నలుగురికి కూడా తెలియదు. అయినా రాత్రంతా ఎవరెవరో తలుపు తడుతూనే ఉన్నారు. రూట్ అన్న పేరుతో ఒకసారి, అడ్మిన్ అని ఒకసారి, టెస్ట్ అని, ఒరాకిల్ అని, పేజీలకు పేజీలు. వీళ్ళెవరూ మనుషులు కారు. ఇంటర్నెట్లో ఉన్న ప్రతి అడ్రసునూ వరసగా తడుతూ పోయే ప్రోగ్రాములు. వాటికి మనం చిన్నా పెద్దా తేడా లేదు. తెరుచుకున్న మెషిన్‌ని దొంగ మెయిళ్ళు పంపడానికో, క్రిప్టో నాణేలు తవ్వడానికో వాడుకుంటాయి. పోలీసులు వెతుక్కుంటూ వస్తే మాత్రం దొరికేది మన సంఘం పేరే.

రూట్ అంటే వేరు. నేను చదువుకున్న తమిళ బడిలోనూ దాన్ని వేర్ అనే అంటారు. లినక్స్‌లో రూట్ పేరుతో లోపలికి పోయినవాడు ఏదైనా చేయొచ్చు, చెట్టు మొత్తం వాడి చేతిలో ఉంటుంది. అందుకే కుర్రాడు మొదటి రోజే ఆ పేరుతో బయటినుంచి ఎవరూ రాకుండా మూసేశాడు. మామూలు పేరుతో లోపలికొచ్చి, పెద్ద పని చేయాల్సినప్పుడు మాత్రం సుడో అనే అనుమతితో చేయాలి. ఎవరు చేశారో లాగ్‌లో పడుతుంది. రిజర్వేషన్ కౌంటర్లో ఏ క్లర్కు ఐడీ మీద ఏ టికెట్ కొట్టారో తెలిసినట్టే.

పాస్‌వర్డ్‌తో లాగిన్ కావడమే తీసేశాడు. దాని బదులు జోడు తాళంచెవులు. ఒకటి సర్వర్లో ఉంటుంది, దాన్ని ఎవరు చూసినా నష్టం లేదు. రెండోది మన కంప్యూటర్లోంచి బయటికి పోకూడదు, దానికో రహస్య వాక్యం కూడా పెట్టాలి. ఇప్పుడు ఆ ప్రోగ్రాములు తెల్లారేదాకా పాస్‌వర్డ్‌లు ఊహించుకున్నా పని జరగదు. ఫైర్‌వాల్ పెట్టి అవసరమైన దారులు తప్ప మిగతావన్నీ మూశాడు. ఇక్కడ ఒక చిక్కుంది, ఈ పని నేర్చుకోవాలనుకునే మన పిల్లల కోసం రాస్తున్నా. ఫైర్‌వాల్ ఆన్ చేసే ముందు మనం వచ్చే దారికి అనుమతి ఇచ్చుకోవాలి. లేదంటే లోపల గడియ వేసి మనమే బయట నిలబడతాం. సెట్టింగు మార్చాక పాత కిటికీ మూయకుండా, ఇంకో కిటికీ తెరిచి లాగిన్ అయి చూసుకోవాలి. అది పనిచేస్తేనే మొదటిది మూయాలి. ఇంకోటి, ఫోటోల ఆల్బం కోసం డాకర్ అనే దాన్ని వేశారు. డాకర్ తెరిచే దారులు మన ఫైర్‌వాల్ లిస్టును దాటుకుని బయటికి కనిపిస్తాయి. లిస్టులో మూసినట్టే ఉంటుంది, నిజానికి తెరిచే ఉంటుంది. కాబట్టి బయటి ఊరి కంప్యూటర్ నుంచి తట్టి చూడాలి. తట్టి చూశారు, ఒకటి తెరిచి ఉంది, మూశారు.

ఇంతవరకూ పని బాగుంది. ఎస్.జి.జి.ఎస్. కాలేజీలో చదివిన పిల్లాడు, తండ్రి మన సభ్యుడే. డబ్బు ఆశించకుండా చేశాడు. వచ్చే నెల పుణెలో ఉద్యోగంలో చేరుతున్నాడు. అసలు సంగతి ఇక్కడే మొదలవుతుంది.

సర్వర్‌కు తాళంచెవి ఒక్కటే ఉంది, అతని ల్యాప్‌టాప్‌లో. అద్దె కంపెనీలో ఖాతా అతని పేరు మీదే ఉంది, ఓటీపీ అతని ఫోనుకే వస్తుంది, నెల నెలా డబ్బు అతని కార్డులోంచే కట్ అవుతోంది. మన వెబ్‌సైటు పేరు కూడా అతనే కొన్నాడు. ఏదో ఎత్తుతో చేశాడని అనకండి. పని త్వరగా కావాలని కమిటీయే తొందరపెట్టింది. కానీ రేపు అతని కార్డు గడువు తీరితే? ఫోన్ నంబరు మారితే? పుణెలో రాత్రి షిఫ్టులో ఉన్నప్పుడు ఇక్కడ ఏదైనా ఆగితే? కంపెనీకి మన సంఘం ఎవరో తెలియదు. అద్దె రాకపోతే కొన్నాళ్ళు చూసి మెషిన్ తుడిచేస్తారు.

రైల్వేలో పనిచేసిన వాళ్ళకు చార్జి అప్పగింత అంటే చెప్పక్కర్లేదు. షిఫ్టు మారేటప్పుడు పోయేవాడు, వచ్చేవాడు ఇద్దరూ నగదు లెక్కపెట్టి, ప్రతి రకం టికెట్‌కీ ఏ నంబరు దాకా అమ్మారో ఏ నంబరు నుంచి మొదలో రాసి, ఇద్దరూ సంతకం పెట్టాలి. పదేళ్ళ స్నేహం ఉన్నా సరే. "నువ్వు వెళ్ళు బాబాయ్, నేను చూసుకుంటా" అంటే కుదరదు. సంతకం పెట్టమంటే మనిషి మీద అనుమానమని ఎవరూ బాధపడరు. అది ఆ మనిషికి కూడా రక్షణ.

ప్రపంచమంతా వాడే సాఫ్ట్‌వేర్‌లోనే ఈ అప్పగింత సరిగా జరగక ఎంత పనైందో చూడండి. ఎక్స్‌జెడ్ అని ఫైళ్ళను కుదించే చిన్న ప్రోగ్రాము ఒకటి ఉంది, దాదాపు ప్రతి లినక్స్‌లో ఉంటుంది. చాలా ఏళ్ళు దాన్ని ఒక్క మనిషి, జీతం లేకుండా, తీరిక వేళల్లో చూసుకున్నాడు. అలసిపోయాడు. పని నెమ్మదిగా సాగుతోందని కొందరు సణిగారు. అప్పుడు జియా టాన్ అన్న పేరుతో ఒకరు సాయానికొచ్చి, రెండేళ్ళ పైగా బుద్ధిగా పనిచేసి నమ్మకం సంపాదించి, చివరికి అధికారం చేతికొచ్చాక అందులో దొంగదారి పెట్టారు. ఆ పేరు వెనక మనిషెవరో ఈనాటికీ తేలలేదు. 2024 మార్చి చివరలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన మెషిన్‌లో లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందని గమనించి, ఎందుకని తవ్వుకుంటూ పోతే బయటపడింది. అరసెకను! మన దగ్గర బండి అరగంట లేటైనా టైముకే వచ్చిందంటాం. అదృష్టంకొద్దీ డెబియన్‌లో అందరూ వాడే స్థిరమైన వెర్షన్‌లోకి అది చేరలేదు, ఇంకా పరీక్షలో ఉన్నదాంట్లోనే ఆగింది.

ఇది చదివి "అయితే అప్‌డేట్లే వద్దు" అనకండి. అప్‌డేట్ వేయక మునిగినవాళ్ళే ఎక్కువ. 2017 మే నెలలో వాన్నాక్రై వచ్చి ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లను కూడా పట్టుకుంది. అవి విండోస్‌వి. దానికి మందు రెండు నెలల ముందే, మార్చిలోనే, మైక్రోసాఫ్ట్ ఇచ్చేసింది. వేసుకున్నవాళ్ళు బతికారు. మన డెబియన్‌లో భద్రతకు సంబంధించిన అప్‌డేట్లు వాటంతటవే పడేలా పెట్టారు. కానీ కొన్నిటికి మెషిన్‌ని ఒకసారి ఆపి మళ్ళీ లేపాలి. అది చూసుకోవడానికి వారానికోసారి లాగిన్ అయ్యే మనిషి కావాలి. పావుగంట పని. ఆ పావుగంట ఎవరిదో రాసిపెట్టకపోతే ఎవరిదీ కాదు.

2019 వేసవిలో తెలంగాణ, ఆంధ్ర విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్ దెబ్బకు ఆగిపోయాయి. బ్యాకప్ ఉండబట్టి బయటపడ్డారు. మన బ్యాకప్ సంగతి అడిగితే "రోజూ అవుతుందండీ" అన్నారు. ఎక్కడికి అంటే అదే సర్వర్లో ఇంకో ఫోల్డర్లోకి. ఇల్లు కాలితే బీరువా నకలు అదే ఇంట్లో ఉంటే ఏం లాభం? ఒక నకలు వేరే కంపెనీ దగ్గర, తాళం వేసిన రూపంలో ఉండాలి. ఇంకోటి హార్డ్ డిస్కులో సంఘం లాకరులో ఉండాలి, నెలకోసారి తీసి రాయాలి, రాశాక తీగ పీకేయాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ నకలు నుంచి ఖాళీ మెషిన్‌లో అన్నీ తిరిగి లేపి చూడాలి. లేపి చూడని బ్యాకప్‌ను నేను నమ్మను.

ఇప్పుడు వివాహ రిజిస్టరు. దీని గురించే నాకు నిద్ర పట్టనిది. ఇంకో ఊళ్ళో, పేరు రాయను, మనలాంటి సంఘం వధువుల జాబితా పీడీఎఫ్‌గా ఎవరి చేతులో మారి వాట్సాప్‌లో తిరిగింది. హ్యాకరు అక్కర్లేకపోయింది. ఆడపిల్లల ఫోటోలు, ఫోన్ నంబర్లు, జీతం, ఇంటి అడ్రసు. మా దూరపు బంధువు కూతురికి అర్ధరాత్రి ఫోన్లు మొదలై, ఆ అమ్మాయి చివరికి నంబరు మార్చుకుంది. ఆఫీసులో, బ్యాంకులో, అన్నిచోట్లా మార్చుకోవాలి కదా. తండ్రి సంఘానికి పోయి అడిగితే, ఫైలు ఎవరెవరి దగ్గరుందో వాళ్ళకే తెలియదన్నారు. పెద్ద వ్యవస్థలకూ ఇది తప్పలేదు. 2024 జూన్‌లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్‌లోని జనం వివరాలే బయటికి పోయాయి, తర్వాత ఒక విద్యార్థిని అరెస్టు చేశారు.

మన ఫారంలో ఆధార్ కార్డు నకలు అడుగుతున్నాం. ఎందుకు? మనిషి నిజమో కాదో తెలుసుకోవడానికి. చూసి తిరిగిచ్చేయొచ్చు కదా. దాచుకోవడం దేనికి? దేగ్లూర్, ధర్మాబాద్, బిలోలీ సభ్యులు ఇక్కడిదాకా రాలేరన్నారు. అక్కడి కార్యవర్గ సభ్యుడు చూసి "చూశాను" అని సంతకం పెడితే చాలు. పెళ్ళయిపోయిన వాళ్ళ వివరాలు ఇంకా అలాగే ఉన్నాయి. కొందరికి పిల్లలు బడికి కూడా పోతున్నారు! 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా పని తీరాక వివరాలు తీసేయాలనే చెబుతోంది. మన దగ్గర లేని కాగితాన్ని ఎవడూ దొంగిలించలేడు.

సమావేశంలో నేను అడగబోయేది ఇదీ. అద్దె ఖాతా, వెబ్‌సైటు పేరు, రెండూ సంఘం మెయిలుకు, సంఘం బ్యాంకు ఖాతాకు మారాలి. సర్వర్లో ఇద్దరికి వేరు వేరు పేర్లు, వేరు వేరు తాళంచెవులు ఉండాలి. ఒకరు కుర్రవాళ్ళు, ఒకరు నాందేడ్‌లోనే స్థిరంగా ఉండేవాళ్ళు. ఒకరి తాళంచెవి ఇంకొకరు వాడకూడదు. అధ్యక్షుల వారికి తాళంచెవి అక్కర్లేదు, హోదా ఉందని ఇవ్వకూడదు. ఆయన నొచ్చుకోరనే అనుకుంటాను. అద్దె ఖాతా పాస్‌వర్డ్, ఓటీపీ రాకపోతే వాడే అత్యవసర కోడ్లు కవరులో పెట్టి, ఇద్దరు సంతకాలు చేసి లాకరులో ఉంచాలి. కుర్రాడు పుణె బండి ఎక్కే ముందు చార్జి అప్పగించాలి, రిజిస్టరులో రాసి. అతని పేరు సర్వర్లోంచి తీసేసేది కూడా ఆ రోజే. ఇన్నాళ్ళు అతను సొంత కార్డులోంచి కట్టిన డబ్బు వడ్డీ లేకపోయినా అసలైనా తిరిగివ్వాలి. ఒక శాలువా కప్పినా తప్పులేదు.

ఇవన్నీ అయ్యేదాకా వివాహ రిజిస్టరు సర్వర్‌లోకి ఎక్కకూడదు. పండగ ఫోటోలు, సమావేశాల నోటీసులు కావలసినన్ని పెట్టుకోండి.

"ఈ వయసులో ఈయనకెందుకు" అని కొందరనుకుంటారని తెలుసు. పావుగంట డ్యూటీకి మొదటి ఆరు నెలలు నా పేరు రాసుకోండి. రెండో పేరు కావాలి. ఇంట్లో కంప్యూటర్ ఉండి, చెప్పింది నోట్‌బుక్కులో రాసుకునే ఓపిక ఉంటే చాలు. ఇంజనీరే కానక్కర్లేదు, మహిళా విభాగం నుంచి వస్తే ఇంకా సంతోషం. ఆ రిజిస్టరులో ఉన్నది వాళ్ళ పిల్లల వివరాలే.

సమావేశానికి ముందు శనివారం సాయంత్రం ఆరింటికి హాలులో బ్యాకప్ నుంచి ఖాళీ మెషిన్‌ని లేపి చూపించమని కుర్రాణ్ణి అడిగాను, సరేనన్నాడు. రావాలనుకునేవాళ్ళు రండి. టీ నాది. పెన్‌డ్రైవులు మాత్రం తేకండి.