బొమ్మ గీసినోడిదా, లోగో వేసినోడిదా?

మన క్లబ్బులో కామిక్స్ పిచ్చోళ్లు తొమ్మిది మంది. అభిప్రాయాలు పది. ఇండిపెండెంట్ పబ్లిషర్లలో ఎవరు గొప్ప అని సెమిస్టర్ మొదట్లో లేచిన గొడవ ఇంటర్నల్స్ అయిపోయినా తెగలేదు. ప్రొద్దుటూరు బ్యాచ్ మొత్తం డార్క్ హార్స్ వైపు ఉంది. హెల్‌బాయ్, సిన్ సిటీ, 300 వేసినోళ్లు వాళ్లే కదా అని వాళ్ల వాదన. జమ్మలమడుగు వాడు ఒక్కడే అయినా గొంతు పెద్దది, ఇమేజ్ తప్ప ఇంకో పేరు ఎత్తనివ్వడు. పులివెందుల అమ్మాయిది ఫాంటాగ్రాఫిక్స్. మిగిలినోళ్లు ఎవరు గెలిస్తే వాళ్ల పార్టీ.

నాది ప్రొద్దుటూరే. అయినా ఈసారి ఊరి పార్టీకి ఓటెయ్యడం లేదు. అసలు ప్రశ్నే తప్పుగా అడుగుతున్నామని నా అనుమానం.

మనోళ్ల లెక్కలో ఇండిపెండెంట్ అంటే మార్వెల్, డీసీ కానిది. అట్ల చూస్తే కంపెనీ చిన్నదా పెద్దదా అన్నది తేలుతుంది, అంతే. నా పరీక్ష వేరే. బొమ్మలు గీసిన మనిషి రేపు ఆ కంపెనీతో గొడవపడి బయటికి పోతే, తన పాత్రను వెంటబెట్టుకొని పోగలడా? పోగలిగితే అది ఇండిపెండెంట్. పోలేకపోతే అది చిన్న సైజు మార్వెల్.

ఎందుకింత పట్టుదల అంటే 130 డాలర్ల కథ ఒకటుంది. జెర్రీ సీగెల్, జో షూస్టర్ అనే ఇద్దరు స్నేహితులు 1938లో సూపర్‌మ్యాన్ మీద హక్కులన్నీ రాసిచ్చి తీసుకున్న డబ్బు అది. అప్పటికి ఇద్దరికీ ఇరవై మూడేళ్లు, మన ఫైనల్ ఇయర్ అన్నల కంటే ఒకటి రెండేళ్లు ఎక్కువ. తర్వాత దశాబ్దాల పాటు కోర్టులు. చివరికి 1975లో, పేపర్లలో పరువు పోతుందనే భయం పుట్టినాక, కంపెనీ ఏడాదికి చెరో 20,000 డాలర్లు పింఛను ఇచ్చి, వాళ్ల పేర్లు మళ్లీ వేసింది. అప్పటికి వాళ్లిద్దరూ అరవై దాటినోళ్లు.

ఈ కథ తెలిసిన తరమే 1992లో తిరగబడింది. మార్వెల్‌లో పేరున్న ఏడుగురు ఆర్టిస్టులు, టాడ్ మెక్‌ఫార్లేన్, జిమ్ లీ లాంటివాళ్లు, బయటికొచ్చి ఇమేజ్ పెట్టారు. వాళ్ల రూలు చిన్నది. ఇమేజ్ అనే పేరు, ఆ లోగో కంపెనీవి. పుస్తకంలో ఉండేదంతా గీసినోళ్లది, రాసినోళ్లది. మన హాస్టల్లో సగం మంది రాత్రిళ్లు చూసిన ఇన్విన్సిబుల్ అక్కడి నుంచి వచ్చిందే. జమ్మలమడుగు వాడి గొంతుకు ఆ మేరకు బలముంది.

అట్లని డార్క్ హార్స్‌ను కొట్టిపారెయ్యలేం. 1986లో మైక్ రిచర్డ్‌సన్ మొదలుపెట్టిన ఈ కంపెనీని 2022లో ఎంబ్రేసర్ అనే స్వీడన్ గేముల కంపెనీ కొనేసింది. మనోళ్లు ఆ వార్త విని "అయిపోయింది మామా" అని దిగాలు పడ్డారట. నేనైతే అందులోనే మంచి చూస్తాను. కంపెనీ అమ్ముడుపోయినా హెల్‌బాయ్ అమ్ముడుపోలేదు. ఆ ఎర్ర మనిషి ముందూ మైక్ మిన్యోలా సొత్తే, తర్వాతా ఆయన సొత్తే. ఓనరు మారినప్పుడు పాత్ర ఎవరి వెంట నిలబడిందో చూడండి, ఆ పబ్లిషర్ జాతకం తెలిసిపోతుంది.

ఫాంటాగ్రాఫిక్స్ గురించి ఒక్క ముక్క చాలు. 1976 నుంచి నడుస్తోంది. పుస్తకాలు పంచే కంపెనీ దివాళా తీసి వీళ్లను ముంచితే, 2003లో దాచకుండా పాఠకులనే అడిగారు, పుస్తకాలు కొనండి, లేకుంటే మూతబడతాం అని. పాఠకులు కొన్నారు. కంపెనీ బతికింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, శివకాశి దగ్గర పనికొస్తుంది.

ఇదంతా అమెరికా గోల, మనకెందుకు అంటారా? మన జిల్లాకే వద్దాం.

చందమామ పెట్టిన బి. నాగిరెడ్డి ఎక్కడివారో మన బ్యాచ్‌లో అడిగితే ముగ్గురు మద్రాసు అన్నారు, ఒకరు తెనాలి అన్నారు. తెనాలి చక్రపాణిగారిది. నాగిరెడ్డిగారిది మన కడప జిల్లా పొట్టిపాడు. పాతాళభైరవి, మాయాబజార్ తీసిన విజయా వాళ్లే 1947 జులైలో చందమామ మొదలుపెట్టారు. తర్వాత అది పన్నెండుకు పైగా భాషల్లో వచ్చింది. మా నాన్న తరానికి అది నెలకోసారి వచ్చే పండగ. మన తరంలో చాలామంది దాన్ని ఫోన్లో పీడీఎఫ్‌గానే చూశాం.

"చందమామ కామిక్ కాదు కదబ్బా" అని పులివెందుల అమ్మాయి అడ్డం పడింది. నిజమే. అది కథల పత్రిక, బొమ్మ కథ పక్కన ఉంటుంది, కథను ఒక గడి నుంచి ఇంకో గడికి లాక్కుపోదు. తెలుగులో ఆ పని చేసినోళ్లలో బుజ్జాయిగారిని ముందు చెప్పుకోవాలి, ఆయన డుంబు గురించి ఇంకోసారి విడిగా రాస్తాను. కానీ నా పరీక్షకు చందమామ పనికొస్తుంది. కత్తి పట్టుకొని, భుజాన శవం వేసుకొని నడిచే విక్రమార్కుడి బొమ్మ కళ్లు మూసుకున్నా కనపడుతుంది కదా. అది గీసింది శంకర్ అనే కె.సి. శివశంకరన్. 1950ల మొదట్లో చేరి, అరవై ఏళ్ల దాకా ఆ పత్రికకే బొమ్మలు వేశారు. 2020లో పోయారు. 2021లో పద్మశ్రీ వచ్చింది, అదీ మరణానంతరం.

ఈ మధ్యలో 2007లో చందమామను జియోడెసిక్ అనే ముంబై సాఫ్ట్‌వేర్ కంపెనీ కొన్నది. అదే ఏడాది అమర్ చిత్ర కథ కూడా చేతులు మారింది. మన దేశంలో పిల్లల బొమ్మల కథలకు రెండు పెద్ద పేర్లు, రెండూ ఒకే ఏట సంతలో కొచ్చాయి. అమర్ చిత్ర కథ నిలబడింది. జియోడెసిక్ మాత్రం అప్పుల్లో మునిగింది, 2013 నాటికి చందమామ ఆగిపోయింది. అంతటితో పోతే బాధ లేదు, పత్రికలు పుడతాయి, పోతాయి. కానీ ఆ బొమ్మలన్నీ కంపెనీ ఆస్తుల లెక్కలో కుర్చీలు, కంప్యూటర్లతో పాటు ఒక పద్దు అయిపోయాయి. విక్రమార్కుడిని గీసిన చెయ్యి ఆయన్ను భుజాన వేసుకొని బయటికి నడిచే దారి లేదు.

నాగిరెడ్డిగారిని తప్పుపట్టడం లేదు. ఆయన ఆర్టిస్టులకు నెల నెలా జీతమిచ్చిన మనిషి, ఆ కాలంలో అదే గొప్ప. నేను చెప్పేది ఏందంటే, ఓనరు మంచోడైతే సరిపోదు. మంచి ఓనరు తర్వాత ఎవరొస్తారో ఎవరికీ తెలీదు.

ఇప్పుడు శివకాశి. మనకు శివకాశి అంటే టపాకాయలు, గోడ క్యాలెండర్లు. తమిళ కామిక్స్ అభిమానులకు మాత్రం అది గుడి. 1972లో ముత్తు కామిక్స్, 1984లో లయన్ కామిక్స్ అక్కడే మొదలై, ఒకే కుటుంబం చేతిలో ఇప్పటికీ నడుస్తున్నాయి. ఇటలీ టెక్స్ విల్లర్, బెల్జియం లక్కీ లూక్ తమిళం మాట్లాడతారు. నడిపే పద్ధతి కూడా బాగుంటుంది. పాఠకులు ముందే చందా కట్టేస్తారు, ఆ ధైర్యంతో వాళ్లు అచ్చేస్తారు. మా కజిన్ చెన్నై నుంచి రెండు పుస్తకాలు తెచ్చాడు. తమిళం ఒక్క ముక్క రాదు, అయినా బొమ్మలు చూస్తూ అర్ధరాత్రి దాకా కూర్చున్నా. ఈర్ష్య పుట్టింది. అంత చిన్న ఊరు నుంచి యాభై ఏళ్లుగా వాళ్లు చేస్తున్నది మనం ఎందుకు చెయ్యలేకపోయాం?

అయినా నా ఓటు పూర్తిగా శివకాశికి కూడా పడదు. వాళ్లవి ఎక్కువగా అనువాదాలు. పబ్లిషర్ స్వతంత్రుడే, పాఠకులు స్వతంత్రులే, కానీ మదురైలో బొమ్మలు గీసే పిల్లోడికి అందులో చోటు తక్కువ.

పోటీలో ఎవరూ ఎత్తని ఒక పేరు చెప్తాను. 1984లో కెవిన్ ఈస్ట్‌మన్, పీటర్ లైర్డ్ అనే ఇద్దరు, ఇన్‌కమ్ టాక్స్ రీఫండ్ డబ్బుకు మామ దగ్గర అప్పు కలిపి, దాదాపు 3,000 కాపీలు నలుపు తెలుపులో వేశారు. మిరాజ్ స్టూడియోస్ అని పేరు పెట్టుకున్నారు, స్టూడియో అంటూ ఏమీ లేదు. అవే నింజా టర్టిల్స్. 2009లో ఆ హక్కులు వయాకామ్‌కు 6 కోట్ల డాలర్లకు పోయాయి. అమ్మేశారు కదా, ఇంకేం ఇండిపెండెంట్ అనొచ్చు. అమ్మాలా వద్దా, ఎప్పుడు, ఎంతకు అన్నది గీసినోళ్ల వైపే ఉంది. 130 డాలర్లకీ 6 కోట్లకీ మధ్య తేడా బొమ్మల నాణ్యతలో లేదు, సంతకం ఎప్పుడు పెట్టారన్నదాంట్లో ఉంది.

దీని మీద మా ప్రొద్దుటూరు వాడు ఒకడు మంచి అడ్డుపుల్ల వేశాడు. వాళ్లకు బంగారు అంగడి ఉంది. "ఆచారి నగ చేస్తాడు, కూలి తీసుకుంటాడు. డబ్బా మింద మా అంగడి పేరే ఉంటాది. నగ మింద ఆచారికి హక్కు అడుగుతామా?" అన్నాడు. రెండు రోజులు ఆలోచించాల్సి వచ్చింది. నా జవాబు ఇది. హారం ఒక్కసారి అమ్ముడుపోతుంది, ఒక్క మెడలో పడుతుంది. బొమ్మ అట్ల కాదు. ఈరోజు పేజీ, రేపు టీషర్టు, ఎల్లుండి సినిమా. ప్రతిసారీ కొత్తగా అమ్ముడుపోయే వస్తువుకు ఒక్కసారి కూలి ఇచ్చి సరిపెట్టుకుంటామంటే ఎట్ల? పైగా ఆచారికి కూలైనా ముడుతుంది. మన క్లబ్బు టీ కూడా తాపదు.

అసలు విషయానికి వచ్చేశాను. వచ్చే సంచికలో కామిక్ వేద్దామని మన ఎడిటర్ అక్క అనౌన్స్ చేసింది. మంచి మాట. జమ్మలమడుగు వాడు, పులివెందుల అమ్మాయి కలిసి గండికోట మీద పన్నెండు పేజీలు చేస్తున్నారు. 1652లో మీర్ జుమ్లాను చూడ్డానికి గండికోటకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే గురించి. కథ మాత్రం ఆయన వైపు నుంచి నడవదు, ఆయన గుర్రానికి గడ్డి వేసే ఊరి పిల్లోడి వైపు నుంచి నడుస్తుంది. పెన్నా లోయ గీసిన రెండు పేజీలు చూశాను, అన్యాయంగా బాగున్నాయి.

మన గూగుల్ ఫారం అడుగున ఒక లైను ఉంది. పంపిన రచనల మీద సర్వహక్కులూ క్లబ్బువే అని. దాని పక్కన టిక్కు పెట్టకపోతే ఫారం ముందుకు పోదు. ఇది ఎవరో కుట్రతో రాసింది కాదు, ఎప్పటి నుంచో కాపీ పేస్టు అవుతూ వస్తున్న లైను. కవితలు పంపేటప్పుడు ఎవరమూ పట్టించుకోలేదు. నేనూ రెండుసార్లు టిక్కు పెట్టినోణ్ణే.

1957 కాపీరైట్ చట్టం ఏమంటుందో చూశాను. సెక్షన్ 17 ప్రకారం చేసినవాళ్లే మొదటి హక్కుదారు. జీతానికి పని చేసే సిబ్బంది సంగతి వేరే, మనం క్లబ్బుకు సిబ్బంది కాదు. సెక్షన్ 19 ప్రకారం సంతకంతో రాతపూర్వకంగా ఇస్తేనే హక్కు చేతులు మారుతుంది. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకే అని, ఎక్కడో రాయకపోతే మన దేశం వరకే అని అర్థం చేసుకోవాలి. అంటే మన ఫారంలో "సర్వహక్కులూ" అని ఎంత గట్టిగా రాసుకున్నా చట్టం దగ్గర అంత గట్టిది కాదు. టిక్కు సంతకం కింద లెక్కా కాదా అన్నది లా చదివినోళ్లు తేల్చాలి. కోర్టుకు పోయేంత సీన్ లేదని నాకూ తెలుసు. కానీ పనికిరాని హక్కును పట్టుకొని వేలాడ్డం ఎందుకు?

ఇంకో కాగితం కూడా కావాలి, ఇది క్లబ్బుతో కాదు. వాళ్లిద్దరి మధ్య. వాకింగ్ డెడ్ మొదలుపెట్టిన రాబర్ట్ కిర్క్‌మన్, టోనీ మూర్ చిన్ననాటి స్నేహితులు. వేసింది ఇమేజ్, అంటే హక్కులన్నీ చేసినోళ్లవే. అయినా ఆ హక్కుల్లో ఎవరి వాటా ఎంత అని 2012లో కోర్టుకెక్కారు, అదే ఏడాది రాజీ అయ్యారు. పబ్లిషర్ ఎంత మంచోడైనా స్నేహితుల మధ్య లెక్క స్నేహితులే రాసుకోవాలి. ఇది చెప్తే పులివెందుల అమ్మాయి నవ్వి, "పన్నెండు పేజీలకా?" అన్నది. సూపర్‌మ్యాన్ మొదటి కథ పదమూడు పేజీలు.

ఎడిటర్ అక్కకు, క్లబ్బు అన్నలకు నా విన్నపం ఒకటే. ఆ లైను తీసేసి ఈ మాట పెట్టండి: "ఈ రచనను ఈ సంచికలో వేసుకోవడానికి, మన ఆర్కైవ్‌లో ఉంచుకోవడానికి క్లబ్బుకు అనుమతి ఇస్తున్నాను. మిగతా హక్కులు నావే." రెండు వాక్యాలు. క్లబ్బుకు పోయేదేమీ లేదు, లోగో ముందు పేజీలో ఎంత పెద్దగా కావాలంటే అంత పెద్దగా వేసుకోవచ్చు.

పన్నెండో పేజీకి ఇంకు వెయ్యడం ఒక్కటే మిగిలింది. ఫారం మాత్రం జమ్మలమడుగు వాడు ఇంకా నింపలేదు.