ఇల్లు మారే ముందు రెండు లెక్కలు

రెండేళ్ల కిందట శ్రావణ మాసంలో గచ్చిబౌలి నుంచి మియాపూర్‌కి ఇల్లు మారాను. కారణం ఒక్కటే, నాలుగు డబ్బులు మిగలాలి. పాత ఫ్లాట్ అద్దె 26,000, మెయింటెనెన్స్ 3,000. కొత్తది 19,000, మెయింటెనెన్స్ 2,000. అంటే నెలకి 8,000 తేడా. ఏడాదికి 96,000! ఫోన్‌లో ఆ అంకె చూసుకుని నేనూ, నాతో ఉంటున్న తమ్ముడూ ఆ రాత్రి బిర్యానీ కూడా ఆర్డర్ పెట్టుకున్నాం. వాడు అమీర్‌పేటలో కోర్సు చేస్తున్నాడు. మియాపూర్ నుంచి మెట్రో ఎక్కితే నేరుగా దిగొచ్చు. అన్నీ కలిసొచ్చాయనుకున్నాం.

సరిగ్గా మూడు వారాల తర్వాత నాన్నకి ఫోన్ చేసి 40,000 అడిగాను.

ఐదేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రోజూ వేరేవాళ్ల కోడ్‌లో తప్పులు వెతికి పట్టుకునేవాణ్ని. అలాంటిది నా సొంత లెక్కలో ఇంత పెద్ద తప్పు ఎలా చేశాను? ఈ వారం అదే చెప్తాను. మీలో చాలామంది ఇప్పుడు టు-లెట్ బోర్డుల ఫొటోలు తీసుకుంటూ ఉంటారు కాబట్టి, నా లెక్క మీకు పనికొస్తుంది.

నేను చేసిన తప్పు సింపుల్. అద్దె తేడా ఒక్కటే చూశాను. మారడానికి అయ్యే ఖర్చు చూడలేదు. ఆ ఖర్చులో కూడా రెండు రకాలు ఉంటాయని అసలు తెలీదు.

మొదటిది, పోయిన డబ్బు

ఇది మళ్లీ తిరిగి రాదు. నాకు అయినవి ఇవి.

బ్రోకర్‌కి సగం నెల అద్దె, 9,500.

ప్యాకర్స్ అండ్ మూవర్స్‌కి 10,500. ఫోన్‌లో చెప్పింది 7,500. సామాను ఎక్కించే రోజు ‘ఏసీ ఉందని చెప్పలేదు కదా సార్’ అన్నారు. దించే చోట లిఫ్ట్ రిపేర్‌లో ఉంది, మాది మూడో అంతస్తు. దానికి ఇంకొంత. చివర్లో జీఎస్టీ. అప్పటికి మంచం సగం లారీలో, సగం రోడ్డు మీద. ఆ టైమ్‌లో బేరం ఏం ఆడతాం?

ఏసీ విప్పి మళ్లీ బిగించడానికి, అదనపు పైపుతో కలిపి 3,200.

పాత ఓనర్ పెయింటింగ్, క్లీనింగ్ పేరుతో అడ్వాన్స్‌లో పట్టుకున్నది 15,000.

రెండు ఇళ్ల అద్దె ఒకేసారి కట్టిన సగం నెలకి 13,000. నేను నోటీస్ ఇచ్చింది జులై మధ్యలో. నెల రోజుల నోటీస్ ఆగస్టు మధ్యకి పూర్తవుతుంది. కొత్త ఇంటి అద్దె మాత్రం ఆగస్టు ఒకటి నుంచే మొదలు. నోటీస్ రెండు వారాల ముందు ఇచ్చి ఉంటే ఈ 13,000 మిగిలేవి.

చిల్లరవి 8,800. కర్టెన్లు, దోమల మెష్, గీజర్ రిపేర్, బాత్రూమ్ బకెట్ల దగ్గర్నుంచి, స్టవ్ బిగించేదాకా బయట తిన్న తిండి వరకు. ఒక్కొక్కటీ చిన్నదే. అందుకే ఎవరూ రాసుకోరు.

మొత్తం 60,000.

ఇప్పుడు మళ్లీ ఆ 8,000 దగ్గరికి రండి. ఆఫీస్ దూరం పెరిగింది కాబట్టి బైక్ పెట్రోల్‌కి నెలకి ఇంకో 900 ఎక్కువవుతోంది. కాబట్టి నిజంగా మిగిలేది 7,100. అరవై వేలని దాంతో భాగిస్తే దాదాపు ఎనిమిదిన్నర నెలలు. అంటే మొదటి ఎనిమిదిన్నర నెలలు నేను పొదుపు చేస్తున్నాననుకున్నాను గానీ, నిజానికి మారిన ఖర్చుకే కట్టుకుంటూ వచ్చాను. అగ్రిమెంట్ 11 నెలలే. అది అయిపోగానే ఓనర్ ఖాళీ చేయమని ఉంటే, ఏడాదికి 96,000 అనుకున్న మనిషికి మిగిలేది 18,000.

ఇల్లు మారే ముందు ఈ ఒక్క భాగహారం చేయండి. మారడానికి అయ్యే ఖర్చుని నెలకి నిజంగా మిగిలే డబ్బుతో భాగించండి. వచ్చిన జవాబు 11 కంటే ఎక్కువైతే, అద్దె తగ్గుతుందనే కారణంతో మాత్రం మారకండి. వేరే కారణాలు ఉంటే సరే.

11 నెలలే ఎందుకు అని అడుగుతారేమో. రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజుని రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చు, తిరుగుడు లేకుండా అందరూ 11 నెలలకే రాసుకుంటారు. ఆ వెసులుబాటు ఓనర్‌కీ ఉంది, మనకీ ఉంది.

రెండోది, ఇరుక్కున్న డబ్బు

నన్ను నాన్న దగ్గరికి పంపించింది ఇది. ఈ డబ్బు ఎక్కడికీ పోదు, మనదే. కానీ మనకి కావలసిన రోజున మన చేతిలో ఉండదు.

కొత్త ఇంటి అడ్వాన్స్ రెండు నెలలు, 38,000. తాళం చేతికి రాకముందే కట్టాలి. పాత ఇంటి అడ్వాన్స్ 52,000 మాత్రం తాళం ఇచ్చేశాక వస్తుంది. నాకు పెయింటింగ్ పోగా 37,000 వచ్చాయి, అదీ 45 రోజుల తర్వాత. ఈలోపు అడ్వాన్స్, మొదటి నెల అద్దె, బ్రోకర్, లారీ, ఏసీ, పాత ఇంటి సగం నెల, చిల్లర ఖర్చులు అన్నీ కలిపి నా జేబులోంచి వెళ్లాల్సింది 1,02,000. బ్యాంక్‌లో ఉన్నది 62,000.

బెంగళూరులో ఉన్న మనవాళ్లకి ఈ బాధ ఇంకా బాగా తెలుసు. అక్కడ పది నెలల అద్దె అడ్వాన్స్‌గా అడిగే అలవాటు చాలాకాలం నడిచింది. ఇళ్లకి రెండు నెలలకి మించి అడ్వాన్స్ తీసుకోకూడదని 2021లో కేంద్రం తెచ్చిన మోడల్ టెనెన్సీ యాక్ట్ చెప్తుంది. అయితే అది నమూనా చట్టం. రాష్ట్రాలు తమ చట్టంగా తెచ్చుకుంటేనే అమలవుతుంది. కాబట్టి ఓనర్‌తో మాట్లాడేటప్పుడు చట్టం మీద కంటే మీ అగ్రిమెంట్ మీద నమ్మకం పెట్టుకోవడం మంచిది.

నాన్నకి ఫోన్ చేస్తే ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ‘ఉన్నాయిలేరా, ముందు ఇల్లు చూసుకో’ అన్నాడు. రెండు రోజుల్లో డబ్బు అకౌంట్‌లో పడింది. అడ్వాన్స్ తిరిగి రాగానే 40,000 పంపించేశాను. లెక్క సరిపోయిందనుకున్నాను.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అమ్మ నోరు జారింది. ‘మీ నాన్న అప్పుడు చీటీ పాడేశార్రా. నీకు చెప్పొద్దన్నారు.’

అది లక్ష రూపాయల చీటీ. చివరి దాకా ఉంచితే ఇంచుమించు మొత్తం చేతికొచ్చేది. మిద్దె కారుతోంది, దాన్ని బాగుచేయించడానికి వేస్తున్న చీటీ అది. తొందరపడి పాడటంతో 24,000 వదులుకున్నాడు. నేను ఆయనకి తిరిగిచ్చింది 40,000. ఆ 24,000 నా ఎక్సెల్ షీట్‌లో ఏ గడిలోనూ లేవు. నేను ఇస్తానన్నా తీసుకోలేదు. ‘చీటీ అన్నాక పాడటం ఉంటుంది కదరా’ అని మాట మార్చేశాడు.

జీతం బాగానే ఉన్నవాడు, ఖర్చు ముందే తెలిసినవాడు, పద్ధతి లేక చేసిన పనికి ఊళ్లో ఉన్నవాళ్లు నష్టం మోశారు. అప్పటికే అక్టోబర్ నుంచి నెలకి 4,000 పక్కన పెడుతున్నాను. అమ్మ మాట విన్నాక దాని జోలికి పోవాలంటే చేయి రాలేదు.

రెండోసారి ఏం మార్చాను?

మొన్న జూన్‌లో మళ్లీ ఇల్లు మారాల్సి వచ్చింది. 11 నెలల అగ్రిమెంట్లు రెండు అయ్యాయి, ఓనర్ వాళ్ల అమ్మాయి ఆ ఫ్లాట్‌లోకి వస్తోంది. ఈసారి నిజాంపేట వైపు, అద్దె 20,000. ఈసారి చేసినవి ఇవి.

జీతం పడిన మర్నాడే 4,000 రికరింగ్ డిపాజిట్‌లోకి ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టుకున్నాను. 20 నెలలకి అసలే 80,000 అయింది. అద్దెకి ఉండేవాళ్లకి ఇల్లు మారడం అనుకోని ఖర్చు కాదు, ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. మొదటిసారి నాకు చేతిలో కావాల్సి వచ్చింది కొత్త అద్దెకి ఐదు రెట్లు పైనే. మీ సంఖ్య వేరే ఉండొచ్చు, కానీ ఒకసారి వేసి చూసుకోండి.

బ్రోకర్ లేడు. రెండు ఆదివారాలు బైక్ మీద తిరిగాం. వాచ్‌మన్లని అడిగితే బోర్డు పెట్టని ఇళ్లు కూడా చెప్పారు.

పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారో, అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో ఇస్తారో అగ్రిమెంట్‌లో రాయించాను. మియాపూర్ ఇంట్లో రెన్యువల్ అప్పుడే 6,000 అని రాయించడంతో ఈసారి అంతే పోయింది. ఇంట్లో దిగే రోజు గోడలు, కుళాయిలు, స్విచ్చులు వీడియో తీసి ఓనర్‌కి వాట్సాప్‌లో పంపాను. ఖాళీ చేసేటప్పుడు గొడవ రాకుండా అదే సాక్ష్యం.

లారీ వాళ్లకి వీడియో కాల్‌లో మొత్తం సామాను చూపించి, అంతస్తు, లిఫ్ట్, ఏసీ, జీఎస్టీ అన్నీ కలిపి ఒకే రేటు మెసేజ్‌లో పెట్టించుకున్నాను. 8,000 అన్నారు, 8,000 తీసుకున్నారు. నెలాఖరు శని, ఆదివారాలు కాకుండా మధ్యలో మంగళవారం పెట్టుకోవడం కూడా కలిసొచ్చింది.

పాత కూలర్, పుస్తకాల రాక్ ముందే అమ్మేశాం. అమ్మేటప్పుడు ఒక్క జాగ్రత్త. డబ్బు తీసుకోవడానికి క్యూఆర్ స్కాన్ చేయక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. అలా అడిగాడంటే వాడు మోసగాడే.

ముహూర్తం సంగతి. ఆషాఢంలో ఇల్లు మారొద్దని ఇంట్లో అంటారు. అందుకే శ్రావణం రాగానే అందరూ ఒకేసారి లారీల మీద పడతారు, రెండేళ్ల కిందట నేను పడ్డట్టే. ఈసారి ఆషాఢం రాకముందే మంచి రోజు చూసి పాలు పొంగించేసి, సామాను మాత్రం తర్వాత వీలైన రోజున తెచ్చుకున్నాం. అమ్మకీ సంతోషం, మాకూ కంగారు లేదు.

వేరే ఊరికి మారేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోండి. గ్యాస్ సిలిండర్, రెగ్యులేటర్ ఏజెన్సీలో అప్పగిస్తే మీరు కట్టిన డిపాజిట్ తిరిగిచ్చి, టెర్మినేషన్ వోచర్ ఇస్తారు. కొత్త ఊళ్లో అది చూపించి కనెక్షన్ తీసుకోవచ్చు. చాలామంది సిలిండర్ ఎవరికో ఇచ్చేసి ఆ డబ్బు వదిలేసుకుంటారు.

ఈసారి పోయిన డబ్బు మొత్తం 22,000. లారీ 8,000, ఏసీ 2,800, పెయింటింగ్ 6,000, చిల్లర 5,200. అడ్వాన్స్, మొదటి నెల అద్దెతో కలిపి చేతిలో కావాల్సి వచ్చింది 76,000. డిపాజిట్‌లో 80,000 ఉన్నాయి.

పాలు పొంగించిన రోజు నాన్న ఫోన్ చేశాడు. అటూ ఇటూ మాట్లాడి చివర్లో, ‘డబ్బులేమైనా సర్దాలా?’ అన్నాడు.

‘అక్కర్లేదు నాన్నా, ఉన్నాయి’ అన్నాను.

‘నిజంగానే ఉన్నాయా, నాలాగా చెప్తున్నావా?’ అని నవ్వాడు.

ఉన్నాయి. ఇంకో 4,000 మిగిలాయి కూడా. జులై నుంచి మళ్లీ నెలకి 4,000 మొదలుపెట్టాను. ఈసారి ముందుగా ఊళ్లో మిద్దె బాగుచేయించాలి. తర్వాత ఎలాగూ ఇంకో ఇల్లు ఉంటుంది.