ఉప్పాడకు రాళ్లతో పాటు ఇసుక కూడా కావాలి

ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రి, పిఠాపురం శాసనసభ్యులు శ్రీ పవన్ కల్యాణ్ గారికి,

ఉప్పాడ తీరంలో సముద్రపు కోత గురించి మీకు కొత్తగా చెప్పాల్సింది లేదు. సుబ్బంపేట, మాయాపట్నం, కోనపాపపేట మీ నియోజకవర్గంలోని ఊళ్లే. పర్యావరణం, శాస్త్ర సాంకేతిక శాఖలు కూడా మీ చేతిలోనే ఉన్నాయి కాబట్టి ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను.

ఇన్నేళ్లుగా అక్కడ జరిగిందంతా తీరం వెంట పోయే రోడ్డును కాపాడే పని. జియోట్యూబులు అనే, ఇసుక నింపిన పొడవాటి సంచులు పరిచారు, వాటి మీద రాళ్లు పేర్చారు. తుపాను వచ్చినప్పుడల్లా గోడ చెదిరింది, మళ్లీ రాళ్లు పోశారు. గోడ వెనక నేల కొంతకాలం నిలుస్తుంది, నిజమే. కానీ గోడను కొట్టిన కెరటం జోరుగా వెనక్కి మళ్లి, పాదం దగ్గరి ఇసుకను తవ్వుకుపోతుంది. ఒడ్డు లోతవుతుంది, తర్వాతి కెరటం ఇంకా ఎత్తుగా వస్తుంది. చివరికి రోడ్డు మిగిలినా పడవను లాగి పెట్టుకోవడానికి, వల ఆరబెట్టుకోవడానికి చోటు మిగలదు. మత్స్యకారుడికి ఒడ్డే ఇంటి ముంగిలి. అది పోయాక గోడ ఎంత గట్టిదైతే అతనికేం లాభం?

మన తీరం వెంట ఇసుక ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. నైరుతి రుతుపవనాల కాలమంతా ఉత్తరం వైపు, చలికాలంలో కొంత దక్షిణానికి. ఏడాది లెక్క తీస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. గోదావరి తెచ్చిన ఇసుకతోనే హోప్ ఐలాండ్ ఉత్తరంగా సాగి, కాకినాడకు అడ్డుగా నిలిచింది. ఎగువ ఆనకట్టల వెనక మేట వేసే ఇసుక సముద్రం దాకా రాదు. వచ్చేది తగ్గి, పోయేది ఆగకపోతే ఒడ్డు కరుగుతుంది.

ఈ నడకను నెమ్మదింపజేసే కట్టడాలున్నాయి. ఒడ్డు నుంచి సముద్రంలోకి అడ్డంగా వేసే రాళ్ల కట్టలను గ్రోయిన్లు అంటారు. వాటి మధ్య ఇసుక నిలుస్తుంది. ఒడ్డుకు దూరంగా, నీటి అడుగున కట్టే దిబ్బ కెరటం బలాన్ని ముందే విరిచేస్తుంది. దాని వెనక నీరు నెమ్మదించి ఇసుక దిగుతుంది. చెన్నైలోని జాతీయ మహాసముద్ర సాంకేతిక సంస్థ పుదుచ్చేరిలో ఈ పని చేసి చూపింది. రేవు కట్టాక ఉత్తరాన బీచ్ పోయి, దశాబ్దాల పాటు రాళ్లే మిగిలిన చోట నీటి అడుగున ఉక్కు దిబ్బ దించి, రేవు ముఖద్వారంలో తవ్విన ఇసుకను తెచ్చి పోశారు. 2019 నాటికి గాంధీ విగ్రహం ముందు జనం మళ్లీ ఇసుక మీద నడిచారు. తమిళనాడులోని కడలూర్ పెరియకుప్పం అనే మత్స్యకార గ్రామం దగ్గర అదే సంస్థ జియోట్యూబులనే వాడింది. అయితే ఒడ్డున గోడగా పేర్చలేదు, సముద్రంలో ముంచింది. ఒడ్డు తిరిగి వచ్చింది.

ఇందులో ప్రమాదమూ ఉంది, దాచను. ఏ కట్టడమూ కొత్తగా ఇసుకను పుట్టించదు, దారిన పోయేదాన్ని ఆపుతుంది. ఇక్కడ ఆగినది పక్క ఊరికి చేరదు. చెన్నై రేవు గోడలకు దక్షిణాన మెరీనా వెడల్పయింది, ఉత్తరాన రాయపురం కోసుకుపోయింది. ఉప్పాడ ముందు గ్రోయిన్లు వేసి ఊరుకుంటే ఉత్తరాన ఉన్న కోనపాపపేటకు అదే గతి పట్టవచ్చు. 2020లో శంకుస్థాపన జరిగిన ఉప్పాడ ఫిషింగ్ హార్బర్ గోడలు కూడా ఇసుకకు అడ్డమే. వాటినీ ఈ లెక్కలో కలపాలి.

అందుకే నా విన్నపం. కాకినాడ నుంచి కోనపాపపేట దాటే వరకు తీరాన్నంతా ఒకే పనిగా తీసుకొని నమూనా వేయించండి. కట్టడం పూర్తయిన రోజే దాని చుట్టూ ఇసుక నింపే ఖర్చును, హార్బర్ దక్షిణాన పేరుకున్న ఇసుకను ఏటా ఉత్తరానికి దాటించే ఖర్చును టెండరులోనే రాయించండి. తర్వాత చూద్దామని వదిలేస్తే ఆ పద్దుకు డబ్బు రాదు. రేవుల్లో తవ్వే పూడికలో చాలాసార్లు బురద ఎక్కువగా ఉంటుంది. అది ఒడ్డున నిలవదు కాబట్టి రేణువు పరిమాణం పరీక్షించకుండా పోయనివ్వకండి. పడవలు దిగే చోట్లు ఏవో నమూనా గీయకముందే ఆ ఊళ్ల పెద్దలను అడిగించండి.

వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి ఒడ్డు వెడల్పు కొలిపించి, ఆ అంకెలను ప్రతి గ్రామ సచివాలయం గోడ మీద పెట్టించండి.

ఇట్లు,
కాకినాడ నుంచి ఒక పౌరుడు